గాలి ఆగిన పూట

వియ్యపురాలు కాబోయే ఆవిడ ముక్కు గురించి అమ్మ వంటింట్లో అన్న మాట, ముందుగదిలో కూర్చున్న ఆ ముక్కు దాకా తిన్నగా వెళ్ళి వాలింది.

"ఆటోలోంచి ముందు ముక్కు దిగింది, తర్వాత మనిషి దిగింది! మన తొట్టి వాసన పసిగట్టడానికే పుట్టినట్టుంది ఆ ముక్కు!"

అమ్మ ఉద్దేశంలో అది గుసగుస. ఆ ఇంటి గుసగుస ఇంకో ఇంట్లో అయితే పోట్లాట కింద లెక్క.

ముందుగదిలో టీచరమ్మ కాఫీ గ్లాసుని పెదవుల దగ్గర ఆపింది. వెనక బెంచీ గుసగుసలు పట్టుకుంటూనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి ఆవిడ. గ్లాసు దించి ముక్కు మీద వేలేసుకుంది. ఆశ్చర్యానికి వేసుకుందో, కొలతకి వేసుకుందో తెలియలేదు.

పక్క కుర్చీలో ఆవిడ కొడుకు నీళ్ళబ్బాయి గోడ మీది క్యాలెండరులో లేని సెలవు కోసం వెతకడం మొదలెట్టాడు.

ఎదురుగా నాన్న మాత్రం కొత్త చొక్కాలో కులాసాగా ఉన్నాడు.

"కాస్త మోతగా ఉంటుంది, ఏమీ అనుకోకండి!" అని అరిచాడు. "గాలి మిషను గోడ పక్కనే! అలవాటు లేనివాళ్ళకి చెవులు హోరెత్తిపోతాయి!"

తల్లీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. ఆ గదిలో మోత అంటూ ఏదైనా ఉంటే అది ఆయనే.

ఊరి మురుగు శుద్ధి చేసే ప్లాంటులో, మురుగు తొట్టిని ఆనుకుని కట్టిన క్వార్టరు అది. పోరు పెట్టేవాళ్ళని చెవిలో ఇల్లు కట్టుకున్నారంటాం. ఈ కుటుంబం నిజంగానే పోయి పోయి గాలి మిషను చెవిలో ఇల్లు కట్టుకుంది. పగలనక రాత్రనక ఆ మిషను తొట్టి అడుగుకి గాలి ఊదుతూ ఉంటుంది. ఆ గాలి పీల్చుకుంటూ, కంటికి కనబడని కోటానుకోట్ల జీవులు ఊరి మురికిని తిని పెడతాయి. ప్లాంటు ఇన్‌ఛార్జి అయిన నాన్న వాటిని 'మన జనాభా' అంటాడు. వాటికి జీతం లేదు, భత్యం లేదు, సెలవు లేదు, సమ్మె లేదు. గాలి ఒక్కటీ చాలు. గాలి కబుర్లతో కాకుండా గాలితో పనిచేసే సిబ్బంది ఊళ్ళో వీళ్ళేనని ఆయన ఎప్పుడూ వేసే పాత జోకు.

ఆ హోరులో బతికే ఇల్లు గనక అందరూ గట్టిగానే మాట్లాడతారు. గట్టి మాట మాత్రం ఏ వారానికో ఒకటి వస్తుంది. వంటింటికీ ముందుగదికీ మధ్య ఇటుకల గోడ కన్నా ఆ హోరు గోడే దిట్టం. దాని చాటున అమ్మ ఎన్ని ముక్కుల్ని చెక్కిందో, ఎన్ని నడకల్ని ఎండగట్టిందో ఏ చుట్టానికీ తెలియదు.

ఇవాళ ఆ గోడ లేదు.

బుడగకి గేటు దగ్గరే ఏదో తేడాగా అనిపించింది. బుడగంటే ఆ ఇంటి అమ్మాయి. చిన్నప్పుడు తొట్టి గట్టున కూర్చుని బుడగలు చూస్తూ అన్నం సంగతి మర్చిపోయేదని నాన్న పెట్టిన ముద్దుపేరు. పెద్దదై అదే ప్లాంటులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగంలో చేరినా ఆ బుడగ పగల్లేదు.

పొద్దున్నే చుట్టాల్ని తీసుకురావడానికి బస్‌స్టాండుకి వెళ్ళింది. బస్సు దారిలో చెడింది. టిఫిను వేళకి రావలసిన వాళ్ళు భోజనాల వేళ దాటాక దిగారు. ఇంటికొచ్చేసరికి చెవుల్లో ఏదో ఖాళీ. కరెంటు పోయిందేమో అనుకుంది.

ఇప్పుడు స్వీటు పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వస్తూ తలెత్తి చూసింది.

ఫ్యాను తిరుగుతోంది.

పళ్ళెం బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. పరిగెత్తలేదు. ఆ నిశ్శబ్దంలో పరిగెడితే కాళ్ళు కూడా మాట్లాడేస్తాయి.

*

"మిషను ఎవరాపారు?"

"ఏ మిషను?" అంది అమ్మ, గరిటతో మాట్లాడుతున్నట్టు.

"అమ్మా!"

"అరవకే, అవతల వాళ్ళున్నారు!" అని అరిచింది అమ్మ.

"నువ్వేనా?"

"నేను మిషను జోలికి వెళతానా? మీ మామయ్యకి చెప్పాను. కాసేపు ఆపరా, నలుగురం నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడుకుంటాం అన్నాను. అదీ తప్పేనా? సంబంధం మాట్లాడుకునే ఇంట్లో ఆ దడదడ ఏమిటి? పోయినసారి వచ్చినవాళ్ళు అమ్మాయి వయసు అడిగితే మీ నాన్న ప్లాంటు వయసు చెప్పారు. వాళ్ళు నీ మొహం కేసి ఒకసారి చూసి, లేచి చక్కా పోయారు."

"ఎప్పుడాపారు?"

అమ్మ గరిట తిప్పింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎప్పుడు?"

"నువ్వు గుమ్మం దాటగానే. టిఫినుకి వస్తారు, తింటారు, వెళతారు, వెంటనే వేయించేద్దాం అనుకున్నాను. బస్సు చెడుతుందని నేను కలగన్నానా?"

బుడగ కిటికీలోంచి చూసింది. పెరటి గోడ నీడన పోయే లావుపాటి గాలి పైపు మీద పొద్దున ఆరేసిన తువ్వాళ్ళు. మిషను ఆడుతుంటే ఆ పైపు పెనంలా కాలుతుంది. తువ్వాలు ఇలా వేస్తే అలా ఆరుతుంది. ఇవి ఇంకా తడిగా, బరువుగా వేలాడుతున్నాయి.

పెరటి తలుపు తోసుకుని మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, ప్లాంటులో పగటి షిఫ్టు ఆపరేటరు. స్విచ్చి వెయ్యడం, స్విచ్చి తియ్యడం కాక మూడో పని చెబితే ఆలోచనలో పడతాడు గనక అందరికీ స్విచ్చి మామయ్య.

"అక్కా, ఇంక వేసెయ్యనా? నువ్వు పిలుస్తావు కదాని నేనూ…"

"నువ్వే వేస్తావు కదాని నేనూ!"

"తొట్టి నల్లబడిపోయిందక్కా. ఆ కంపుకి నాకే కడుపులో తిప్పింది. నాకే! నాక్కూడా ముక్కుందని ఇవాళే తెలిసింది. వేసేస్తాను."

"వెయ్యకు!"

తల్లీ కూతుళ్ళు ఒక్కసారే అన్నారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మాట ఒకటే. కారణాలు మాత్రం ఏటికి చెరో గట్టున ఉన్నాయి.

"వాళ్ళు వెళ్ళేదాకా వెయ్యకు" అంది అమ్మ. "ఇప్పుడు కెలికితే కంపు ఇల్లంతా నిండుతుంది."

"తూము మూసేదాకా వెయ్యకు" అంది బుడగ. "పొద్దుట్నుంచి గాలి లేక బురదంతా అడుగున కూర్చుంది. ఇప్పుడు ఒక్కసారిగా గాలి కొడితే అదంతా లేచి తూములోంచి ఏట్లో పడుతుంది. ముందు చక్రం తిప్పి తూము మూసెయ్యాలి, వచ్చే మురుగుని ఖాళీ తొట్టిలోకి మళ్ళించాలి. ఆ తర్వాతే గాలి, అదీ కొంచెం కొంచెం."

"ఆ చక్రం నా ఒక్కడివల్ల తిరగదే. బావ రావాలి" అన్నాడు మామయ్య.

"ఆయనకి చెప్పద్దు" అంది అమ్మ వెంటనే.

బుడగ అమ్మ వైపు తిరిగింది.

"చెప్పడమేమిటి? నాన్నకి తెలియదా? పొద్దుట్నుంచి ఇంట్లోనే ఉన్నారు కదా! గోడవతల మిషను ఆగిపోతే ఆయనకి తెలియకపోవడం ఏమిటమ్మా? అసలు ఆయన్ని పక్కన పెట్టుకుని నువ్వెలా ఆపించావు?"

అమ్మ పొయ్యి తగ్గించింది. తగ్గించిన పొయ్యి మళ్ళీ పెంచింది.

"కొత్త చొక్కా తొడిగి కూర్చోబెట్టాను. తొట్టి వైపు వెళితే ఒట్టే అన్నాను. పేపరు చదువుకున్నారు" అంది.

అది జవాబు కాదు. అడగడానికి తీరిక లేదు.

"చూడవే" అంది అమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని. "కాసేపట్లో వాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత మీరు ఏ చక్రం కావాలంటే ఆ చక్రం తిప్పుకోండి. ఇది బయటపడితే ముందు వీడి ఉద్యోగం పోతుంది, వెనకే ఇన్‌ఛార్జి అని మీ నాన్న ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఇల్లు పోతుంది. నీ సంబంధానికి ఇంక నీళ్ళు వదులుకోవాల్సిందే. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? నీళ్ళకేమైనా నోరుందా?"

"నోరు లేదు. దారుంది" అంది బుడగ. "మన ఏరు వెళ్ళి నదిలో కలుస్తుంది. నది సాయంత్రానికి వాళ్ళ ఊరి మంచినీళ్ళ గేటు దగ్గరికి వెళుతుంది. ఇప్పటిదాకా తూములోంచి పోయిందంతా దారిలోనే ఉంది. రేపు పొద్దున్న ఊరు ఊరంతా అవే తాగుతుంది. వియ్యాలవారి ఇంటికి మనకన్నా ముందు మన మురుగు చేరుతుందమ్మా!"

"మెల్లగా మాట్లాడు!"

"మెల్లగానే మాట్లాడుతున్నాను!"

ఇద్దరూ ఒక్కసారే ఆగారు.

ముందుగదిలో ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వంటింట్లోకి వినబడింది. చిన్న చప్పుడే. అంత చిన్న చప్పుడు అక్కణ్ణించి ఇక్కడికి వస్తుంటే, ఇక్కడి మాటలన్నీ అక్కడికి ఎలా వెళ్ళి ఉంటాయో లెక్క కట్టుకుని అమ్మ నీరుగారిపోయింది.

మామయ్య మెల్లగా అన్నాడు, "అక్కా, ముక్కు సంగతి కూడా వినబడి ఉంటుందంటావా?"

*

నీళ్ళబ్బాయి కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

అతను నది కింది ఊళ్ళో, మంచినీళ్ళ ప్లాంటులో కెమిస్టు. రోజూ పొద్దున్నే బుడగ అతనికి ఫోను చేసి, తూము దగ్గర నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పాలి. అది ఆఫీసు పని. అంకెలు చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఇద్దరూ మాటలకి వంకలు వెతుక్కున్నారు. "ఇంకేమైనా ఉందా అండీ?" అని అతను, "ఇంకేం ఉంటుందండీ?" అని ఈమె. ఏమీ లేని ఆ 'ఇంకా' పెరిగి పెరిగి పెద్దవాళ్ళ దాకా వచ్చింది.

ఇవాళ ఆ ఫోను వెళ్ళలేదు. మనిషే వస్తుంటే ఫోనెందుకని ఇద్దరూ అనుకున్నారు.

"ఇవాళ రీడింగు చెప్పలేదు మీరు" అన్నాడు.

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది అనిపించింది బుడగకి.

గుమ్మంలో నిలబడింది. అబద్ధానికి ఇంకా వీలుంది. రోజూ చెప్పే అంకె చెబితే చాలు. అతను నమ్ముతాడు. నమ్మకపోయినా నమ్మినట్టు ఊరుకుంటాడేమో కూడా, ఆ చూపు అలాగే ఉంది. ఎదురుగా నాన్న కొత్త చొక్కా కాలరు సర్దుకుంటూ అందరికీ నవ్వులు పంచుతున్నాడు.

"సున్నా" అంది.

నీళ్ళబ్బాయి నీళ్ళు నమిలాడు.

"సున్నా అంటే ఏమిట్రా?" అంది టీచరమ్మ.

"పిల్లాడు ఫెయిలవడం కాదమ్మా. బడే కూలిపోయింది."

"ఏమిటి, లేచారు? కూర్చోండి, కూర్చోండి!" అని అరిచాడు నాన్న. "మోతకి బెదిరిపోయారా?"

మామూలుగా అయితే చుట్టాలు మాట్లాడినప్పుడల్లా అమ్మ ఆయన ఎదురుగా నిలబడి, "అంటే ఆవిడ ఏమంటున్నారంటే" అని ప్రతి మాటా రెట్టించి అరుస్తుంది. అది అమ్మ నోటి దురదనే అందరూ అనుకుంటారు. ఇవాళ అమ్మ వంటింటి తలుపు పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

నీళ్ళబ్బాయి తన ప్లాంటుకి ఫోను చేశాడు. ఆ ఇంటి కొత్త నిశ్శబ్దంలో అవతలి గొంతు కూడా గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నంత స్పష్టంగా వినబడింది.

"గేటు దించెయ్. నదిలోంచి నీళ్ళు లాగడం ఆపెయ్" అన్నాడు నీళ్ళబ్బాయి.

"ఊరంతా కుళాయిలు ఆగిపోతాయి సార్. ఎవరు చెప్పారని దించను?"

"నేను చెబుతున్నాను కదయ్యా!"

"మీరివాళ సెలవు సార్. సెలవులో ఉన్నవాళ్ళ మాట మీద గేటు దించకూడదని మీరే బోర్డు పెట్టించారు. ఎగువ ప్లాంటు ఇన్‌ఛార్జి తన నోటితో చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. అదీ మీ బోర్డులోదే."

నీళ్ళబ్బాయి తన రూలుకి తనే తలొంచి, ఫోను బుడగ చేతిలో పెట్టాడు. "మీ నాన్నగారి చేత చెప్పించండి" అన్నాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింటి వైపు చూశాడు. "మామయ్యగారూ, చక్రానికి ఇద్దరు కావాలన్నారుగా. పదండి."

"ఇస్త్రీ చొక్కారా!" అంది టీచరమ్మ.

"ఉతుకుతారమ్మా."

"ఏ నీళ్ళతో?"

అతను స్విచ్చి మామయ్య వెనక పెరట్లోకి పరిగెత్తాడు.

బుడగ నాన్న కుర్చీ వెనక్కి వెళ్ళింది. కాబోయే అత్తగారి ముందు అరవడం ఇష్టం లేక మెల్లగా పిలిచింది.

"నాన్నా."

ఆయన కదల్లేదు.

"నాన్నా" అంది, మామూలు మనుషులు మామూలు ఇళ్ళలో పిలిచేంత గొంతుతో.

ఆయన టీచరమ్మ మొహమే చూస్తూ, ఆవిడ ఏమైనా అంటే నవ్వుదామని సిద్ధంగా ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అరవకుండా పిలవడం ఇదే మొదలని బుడగకి అప్పుడు తట్టింది. మెల్లగా పిలిచే అవసరం మిషను ఎప్పుడూ రానివ్వలేదు.

"ఎప్పుడూ మొదటి బెంచీలోనే కూర్చునే పిల్లలు కొందరుంటారమ్మా" అంది టీచరమ్మ. చాలా మెల్లగా, నాన్నకి కనబడకుండా మొహం పక్కకి తిప్పుకుని. "బుద్ధిమంతులు అనుకుంటాం. మన పెదాలు కనబడతాయని కూర్చుంటారు."

వంటింటి తలుపు దగ్గర అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బుడగ ముందుకొచ్చి ఆయన ఎదురుగా వంగింది. "మిషను ఆగిపోయింది నాన్నా!"

నాన్న నవ్వాడు. "అదుగో, అంత మోతగా వినబడుతుంటేను!"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసి, వంటింట్లోంచి, అమ్మని దాటుకుని, పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆ చేతిని గాలి పైపు మీద పెట్టింది.

కాలుతుందని అలవాటు కొద్దీ ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత లాక్కున్న చేతిని చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. తువ్వాలు ఒకటి జారి కింద పడింది.

"చల్లగా ఉందే" అన్నాడు.

గట్టు మీదుగా తొట్టి కనబడుతోంది. గాలి బుడగ అన్నది లేదు. నల్లగా, నున్నగా, అద్దంలా పడుకుని ఉంది. అవతల తూము దగ్గర స్విచ్చి మామయ్యా, నీళ్ళబ్బాయీ ఇనుప చక్రానికి చెరో పక్క వేలాడుతున్నారు.

నాన్న పైపు మీద చెయ్యి తియ్యకుండా అటే చూశాడు. తల ఒక పక్కకి వంచాడు. ఇంకో పక్కకి వంచాడు. చెవిలో నీళ్ళు పోయిన పిల్లాడిలా.

"మరి నాకు వినబడుతున్నదేమిటి?" అన్నాడు.

ఎవరికీ ఊపిరాడలేదు. తొట్టిలో జనాభాకీ ఆడటం లేదు, గట్టున జనాభాకీ ఆడటం లేదు.

ఇన్‌ఛార్జి ముందు తేరుకున్నాడు. నాన్న తర్వాత. "తూము?"

"మూస్తున్నారు" అంది బుడగ, ఆయన కళ్ళ ముందు.

"కింది ఊరికి?"

ఆమె ఫోను చాచింది. "మీరే చెప్పాలట."

ఆయన ఫోను వైపు చూశాడు. లైను బాగుండదు నువ్వే మాట్లాడు అని, ఇంటికొచ్చిన ప్రతి ఫోనూ ఆయన ఇన్నాళ్ళూ ఎవరికో ఒకరికి దాటేస్తూనే ఉన్నాడు. ఇవాళ లైనుదే తప్పు కాదని ఆయనకీ తెలుసు. తీసుకున్నాడు.

"హలో! నేను ఇన్‌ఛార్జిని! గేటు దించేయండి!"

గట్టున కూర్చున్న కొంగలు లేచిపోయాయి. ఆ గొంతుకి ఫోను దండగ.

"ఎందుకు సార్? కారణం చెప్పండి" అంది ఫోను.

"దించేయండి!"

"దించుతాను సార్. ఎందుకో చెప్పండి, ఎప్పట్నుంచో చెప్పండి."

"హలో! దించేయండి అంటున్నాను!"

అవతల నుంచి జాగ్రత్తగా ఒక ప్రశ్న వచ్చింది.

"సార్… నా మాట మీకు వినబడుతోందా?"

పెరట్లో ఉన్న అందరికీ వినబడింది. ఎవర్ని అడిగారో ఆయనకి తప్ప.

నాన్న ఫోను చెవికి అదుముకుని ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరో ఒకరి పెదవులు కదులుతాయని. బుడగ పెదవులు కదల్లేదు. గుమ్మంలో టీచరమ్మ తల దించుకుంది.

అమ్మ వచ్చింది. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

మాట్లాడింది. ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టని గొంతుతో, నిజమైన గుసగుసతో మాట్లాడింది. పక్కనే ఉన్న బుడగకి ఒక్క ముక్క అందలేదు. వెనక బెంచీ దాకా చెవులున్న టీచరమ్మ మెడ చాచి కూడా ఏమీ పట్టుకోలేకపోయింది.

వినబడని మనిషికి మాత్రం అంతా అందింది. నాన్న ఆమె పెదవులే చూస్తున్నాడు. చూస్తుండగానే ఆయన మొహంలోంచి పొద్దుటి కులాసా, ఇన్‌ఛార్జి హోదా, కొత్త చొక్కా దర్జా ఒక్కొక్కటే దిగిపోయాయి.

అమ్మ ఫోను కూతురి చేతికిచ్చింది. "దించుతున్నారట!" అంది, మళ్ళీ పాత గొంతుతో.

గట్టు మీంచి స్విచ్చి మామయ్య కేక వేశాడు. "తూము మూశాం, మురుగు మళ్ళించాం బావా! గాలి పెట్టనా?"

నాన్న అటు తిరగలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు అమ్మతో. అంత మెల్లగా ఆయన మాట్లాడగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మ గోడ వైపు తిరిగి, చల్లటి పైపు మీది తడి తువ్వాళ్ళు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకోవడం మొదలెట్టింది. ఏదో అంటూనే ఉంది. ఆయనకి వీపు మాత్రమే కనబడుతోంది.

"బావా! గాలి పెట్టనా, వద్దా?"

"ఇటు తిరుగు" అన్నాడు నాన్న.